చిన్న పత్రికలో రాసినవాళ్ళకీ బొమ్మలేసినవాళ్ళకీ సభ ఎలా పెట్టాలి: పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్ళ కోసం

చిన్న సాహిత్య పత్రిక నడిపేవాళ్ళు సంచిక రాగానే ఆవిష్కరణ సభ పెడతారు కదా, చాలా చోట్ల ఏమవుతుందంటే స్టేజీ మీద పెద్దలు వరసగా కూర్చుంటారు, ఒకరి తర్వాత ఒకరు ఉపన్యాసం, శాలువాలు, ఫొటోలు, వందన సమర్పణ, అయిపోయింది. కథ రాసిన అమ్మాయి వెనక వరస కుర్చీలో కూర్చుని ఒక కాపీ చేతిలో పట్టుకుని వెళ్ళిపోతుంది, ముఖచిత్రం వేసినాయన పేరు కూడా ఎవరూ తలవరు. అసలు సభ వాళ్ళది. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం ఎక్కడ పత్రిక తెచ్చినా మన సంచికలో తెలుగువాళ్ళతో పాటు ఒడియావాళ్ళు, సవరవాళ్ళు, కోందుల భాష కువి మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు, ఉండాలి కూడా. ఇంతమందిని ఒకచోట గౌరవించాలంటే పని సభ రోజున కాదు, ప్రూఫులు దిద్దే రోజునే మొదలవుతుంది.

ముందు పేర్ల సంగతి చూడండి. ఎవరి పేరు ఎలా వెయ్యాలో వాళ్ళనే అడగండి, ఆధార్ కార్డులో ఉన్నది వేరు, ఊళ్ళో పిలిచేది వేరు, వాళ్ళు రచయితగా పెట్టుకున్నది వేరు. ఒకే ఇంటిపేరుని ఒకళ్ళు గమాంగ్ అంటారు, ఒకళ్ళు గొమాంగో అంటారు, మనకి తెలిసినట్టు రాసేస్తే ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్ళి చూపించినప్పుడు అది వాళ్ళ పేరు కాకుండా పోతుంది. ఊరు, భాష, చేసే పని ఇవి కూడా వెయ్యమంటారా వద్దంటారా అడగాలి. ఇంట్లో తెలియకుండా రాసే ఆడవాళ్ళు ఉన్నారు, కలం పేరే చాలు అంటే ఫొటో అడగొద్దు, స్టేజీ మీద అసలు పేరు నోరు జారొద్దు.

ఇక లిపి. సవర భాషని ఆంధ్రా వైపు తెలుగు లిపిలో రాస్తారు, ఒడిశాలో ఒడియా లిపిలో రాసేవాళ్ళున్నారు, రోమన్ అక్షరాల్లో రాసేవాళ్ళున్నారు, ఇవి కాక 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరా సొంపెంగ్ లిపి ఉంది, అది 2012లో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి కూడా వచ్చింది. కాబట్టి కవి ఏ లిపిలో రాసిచ్చారో ఆ లిపిలోనే కవిత వేసి, ఎదురు పేజీలో తెలుగు అనువాదం వెయ్యండి. తెలుగు అర్థం ఒక్కటే వేసి కింద చిన్నక్షరాల్లో సవర మూలం అని రాస్తే ఆ కవి పాఠకులు ఆ కవిత చదవలేరు, మరి ఎవరి కోసం వేసినట్టు?

ప్రెస్సులో ఇక్కడే పేచీ వస్తుంది. మన డీటీపీ వాళ్ళు చాలామంది ఇంకా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతారు, అది యూనికోడ్ కాదు, అందులో ఒడియా, సొంపెంగ్ కలపడం అంటే ప్రాణం మీదకొస్తుంది. మొదటినుంచీ యూనికోడ్‌లో టైప్ చేయించుకుని ఇన్‌డిజైన్‌లోనో, డబ్బుల్లేకపోతే ఫ్రీగా దొరికే స్క్రైబస్‌లోనో పేజీలు కట్టుకోండి. తెలుగుకి మండలి, గిడుగు, సురన్న లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, ఒడియాకీ సొంపెంగ్‌కీ నోటో ఫాంట్లు దొరుకుతాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు లోపల ఇమిడ్చి పంపాలి, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. సెంటర్ పిన్ను కొట్టే పత్రికైతే పేజీలు 4 గుణిజాల్లో ఉండాలి కాబట్టి ఎదురెదురు పేజీల లెక్క ముందే వేసుకోండి, కవిత కుడి పేజీలో పడి అర్థం పేజీ తిప్పాక వస్తే ఉపయోగం లేదు.

ప్రూఫు మాత్రం ఫోన్లో పంపి చూసుకోండి అనెయ్యొద్దు. వీలైతే కాగితం మీద ప్రింటు తీసుకుని కవి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చోండి, వాళ్ళు తమ చేతిరాత చూసి పైకి చదువుతుంటే మీరు ప్రూఫు మీద పెన్సిల్ పెట్టి అక్షరం వెంట అక్షరం పోవాలి, మీకు భాష రాకపోయినా ఫరవాలేదు, వాళ్ళ గొంతు ఆగినచోట మీ కాగితం మీద లైను ఆగిందా లేదా తెలిసిపోతుంది, ఎక్కడ గొంతు సాగింది, అక్కడ దీర్ఘం పడిందా లేదా అది కూడా. సవరలో గొంతు దగ్గర చటుక్కున ఆపి పలికే చోట్లు ఉంటాయి, దానికి ఏ గుర్తు పెట్టాలో వాళ్ళే చెప్పాలి, మనం అనవసరం అనుకుని తీసెయ్యకూడదు. ఇది గంట పని, సంచిక మొత్తంలో అంత విలువైన గంట ఇంకోటి లేదని నా అభిప్రాయం.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, పాఠ పుస్తకాలు రాసి, 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో తెచ్చారు, 1919లో తెలుగు అనే పత్రిక కూడా నడిపారు, 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పేరు చెప్పుకుని మనం ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసుకుంటాం, చేసుకోవాలి. ఆయనకి సవర నేర్పిన మనుషుల పేర్లు మాత్రం మన సభల్లో వినపడవు. మన సంచికలో అనువాదానికి సాయం చేసినవాళ్ళ పేరు, పాట పాడి రాయించినవాళ్ళ పేరు, అర్థం చెప్పిన ముసలావిడ పేరు, అన్నీ అచ్చులో రావాలి, అది కూడా చివర కృతజ్ఞతల్లో కాదు, ఆ రచన కిందనే.

బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సవర ఇళ్ళ గోడల మీద ఎర్రమట్టి అలికి దాని మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మలు మీరు చూసే ఉంటారు, చుట్టూ గడి కట్టి లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు ఉంటాయి. ఆ గడి అలంకారం కాదు, అది ఇల్లు, పెద్దల ఆత్మలో దేవతలో వచ్చి ఉండే ఇల్లు. లేఅవుట్‌లో పట్టలేదని అంచు కత్తిరిస్తే ఇంటి గోడ కూల్చినట్టే. అందుకని ముందు కళాకారుణ్ణి అడగాలి, ఇది పూజ కోసం వేసిందా, అమ్మకానికో ప్రదర్శనకో వేసిందా, అచ్చు వెయ్యొచ్చా, రంగు మార్చొచ్చా. చాలావరకు వాళ్ళే అచ్చుకి వేరేగా కాగితం మీద వేసిస్తారు. ముఖచిత్రం మీద పత్రిక పేరుని బొమ్మ నడుం మీదుగా అడ్డంగా వెయ్యకండి, పైన ఖాళీ వదిలి వేసిమ్మని సైజు ముందే చెప్పండి. ఫొటో తియ్యాల్సొస్తే ఎండ నేరుగా పడని వెలుతురులో ఎదురుగా నిలబడి తియ్యండి, అచ్చుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమనండి.

నియంగిరి కొండల్లోని డొంగ్రియా కోందు ఆడవాళ్ళు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కప్డాగండా శాలువా కూడా అంతే. ఇడితాల్ బొమ్మలకి లాంజియా సవర చిత్రకళ పేరుతోనూ, కప్డాగండాకీ 2024లో జీఐ, అంటే ఒక ప్రాంతానికే చెందిన వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఆ సమాజం మొత్తానికి వచ్చిన గుర్తింపు, మంచిదే. కానీ మన పత్రికలో వేసిన ఆ ఒక్క శాలువాని కుట్టింది ఒక మనిషి, ఆమెకి పేరుంది. లోపలి పేజీలో ముఖచిత్రం: గిరిజన కళ అని వేసి ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు, తెలుగు కథకుడికి పేరు, డిగ్రీ, ఫోన్ నెంబరు అన్నీ వేసి ఆమెకి మాత్రం తెగ పేరు ఒక్కటే వేస్తామా.

డబ్బు సంగతి కూడా తేల్చుకోండి. చిన్న పత్రికకి చందాలే ఆధారం, తెలుసు. అయినా 500 రూపాయలైనా సరే ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి, తెలుగు, ఒడియా, సవర అందరికీ ఒకటే రేటు, బొమ్మ వేసినవాళ్ళకి ఎక్కువ, ఎందుకంటే రంగులు, కాగితం వాళ్ళ డబ్బుతో కొన్నవి. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ మానేస్తే ఈ డబ్బు చాలా మటుకు అక్కడే వస్తుంది. అసలు బొమ్మని అట్ట పెట్టి చుట్టి తిరిగిచ్చెయ్యాలి, పత్రిక ఆఫీసు గోడకి పెట్టుకోవాలనుకుంటే కొనుక్కోండి.

సభ ఎప్పుడు పెట్టాలి అంటే, ఏప్రిల్ 1 ఉత్కళ దిబస, ఒడిశా ఏర్పడిన రోజు, ఒడియా మిత్రులు వాళ్ళ సభల్లో ఉంటారు, ఆగస్టు 29న తెలుగువాళ్ళకి ఎవరి ఊళ్ళో వాళ్ళకి సభ ఉంటుంది. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం బాగుంటుంది, కోతలు అయిపోయి ఉంటాయి, ఎండలు ముదరవు. సంత రోజు మాత్రం పెట్టకండి. సాయంత్రం ఆరింటికి మొదలెట్టే అలవాటు కూడా మానాలి, గుమ్మా, సెరంగో, పుట్టాసింగి వైపు నుంచి కొండ దిగి వచ్చేవాళ్ళు చీకటి పడ్డాక ఎలా వెళ్తారు, పొద్దున్న పదిన్నరకి మొదలెట్టి భోజనాలతో రెండింటికి ముగించండి. దారి ఖర్చులు రాగానే చేతిలో పెట్టండి, వెళ్ళేటప్పుడు అడిగించుకోవద్దు. పిల్లలతో వచ్చే తల్లి ఉంటే తోడు వచ్చినవాళ్ళ చార్జీ కూడా మీదే.

స్టేజీ మీద ఎవరు? రాసినవాళ్ళు, గీసినవాళ్ళు, అంతే. ముఖ్య అతిథి తప్పదంటే ఒక్కరు, ముందు వరసలో కూర్చోబెట్టి చివర్లో మాట్లాడించండి. పిలిచినప్పుడే మర్యాదగా చెప్పేస్తే ఎవరూ ఏమనుకోరు: మాస్టారూ, ఈసారి పిల్లలు చదువుతారండి, తమరు సంచిక ముందే చదివి, నచ్చిన ఒక్క రచన గురించి అయిదు నిమిషాలు చెబితే చాలండి. నిజంగా చదివి వచ్చే పెద్దాయనకి ఇది నచ్చుతుంది కూడా.

పరిచయం చేసేటప్పుడు మారుమూల ప్రాంతం నుంచి వచ్చి కూడా, చదువు లేకపోయినా కూడా, ఇలాంటి మాటలు వద్దు. ఆ కూడా అనే మాటే మనిషిని కిందకి దింపేస్తుంది. వాళ్ళ రచనలోంచి ఒక విషయం ఎత్తుకుని చెప్పండి, ఈవిడ కథలో విప్పపూలు ఏరే అమ్మాయి తెల్లారకుండానే ఎందుకు లేస్తుందో రెండు లైన్లలో చెప్పారు, ఇప్పుడు ఆవిడే చదువుతారు, అనండి, చాలు. ఇంకో మాట, దయచేసి వినండి. సవర కవినో కోందు కవినో రచయితగా పిలిచి, వచ్చాక మీ డ్రెస్సు వేసుకుని ఒక డాన్సు చెయ్యండి అని అడగడం నేను చూశాను, అతిథులకి స్వాగతం పలకడానికి ధింసా పెట్టించడం చూశాను. వాళ్ళంతట వాళ్ళు ఆడతామంటే అది పండగే. మనం అడిగితే మాత్రం రచయితగా పిలవలేదనే అర్థం. మన తెలుగు కథకుణ్ణి కోలాటం ఆడమని అడుగుతామా?

చదివే వరస తెలుగు ముందు, మిగతావి తర్వాత అన్నట్టు పెట్టకండి, కలిపేయండి. ప్రతి రచనా ముందు దాని భాషలో, పూర్తిగా, మధ్యలో ఆపకుండా. హాల్లో సగం మందికి అర్థం కాదేమో అని భయపడొద్దు, ఆ శబ్దం వినడానికే సభ. తర్వాత ఇంకొకళ్ళు తెలుగులోనో ఒడియాలోనో చదవాలి, అప్పటికప్పుడు సారాంశం చెప్పడం కాదు, ముందే రాసుకున్న అనువాదం. ఒక్కొక్కరికి రెండూ కలిపి పది నిమిషాలు, కథైతే ఒక భాగం చాలు. చదివే కాగితం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసిపెట్టండి, పత్రికలోంచి చూసి చదవడం కష్టం. మైకు ఎత్తు మార్చడానికి ఒక కుర్రాణ్ణి పక్కనే నిలబెట్టండి, నిలబడి చదవడం బెరుకైతే కుర్చీ, బల్ల వెయ్యండి. రాలేనివాళ్ళది ఫోన్లో రికార్డు చేయించి తెప్పించుకుని వినిపించండి.

బొమ్మల వాళ్ళని స్టేజీ ఎక్కించి మాట్లాడమంటే చాలామంది నమస్కారం పెట్టి దిగిపోతారు. వాళ్ళకి వేరే పద్ధతి బాగుంటుంది. హాలు పక్క గోడకి తాడు కట్టి అసలు బొమ్మలు కంటి ఎత్తులో క్లిప్పులతో వేలాడదీయండి, కింద పేరు, ఊరు తెలుగులో ఒడియాలో రాసి పెట్టండి, చదవడం మొదలవ్వకముందు అరగంట అక్కడే టీ, వడలు పెట్టండి. జనం బొమ్మ ముందు నిలబడి అడుగుతుంటే వేసినవాళ్ళు చెప్పుకుంటూ పోతారు, ఒడియా, సవర, తెలుగు తెలిసిన ఒకళ్ళని ఆ అరగంటా వాళ్ళ పక్కనే ఉంచండి. అమ్మకానికి పెడితే ధర వాళ్ళే చెప్పాలి, డబ్బు నేరుగా వాళ్ళకే వెళ్ళాలి.

భోజనం గురించి ఎక్కువ చెప్పను, అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), ఒక వేపుడు, పెరుగు, అందరూ ఒకే పంక్తిలో, అతిథులకి వేరే గది వద్దు.

అయిపోయిన మర్నాడు చెయ్యాల్సినవి వదిలెయ్యకండి. రానివాళ్ళకి కాపీలు ఆ వారంలోనే పోస్టు చెయ్యండి, 2025లో రిజిస్టర్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఖర్చు లెక్క మార్చుకోండి. మనిషికి రెండేసి కాపీలు, ఒకటి దాచుకోవడానికి, ఒకటి ఊళ్ళో తిప్పడానికి, రచయిత చదువుకున్న బడికి ఇంకొకటి. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేటప్పుడు ప్రతి ఫొటో కింద అందరి పేర్లూ ఎడమ నుంచి కుడికి రాయండి. సభలో రికార్డు చేసిన గొంతులు వాళ్ళ అనుమతి తీసుకుని దాచండి, వాళ్ళకీ ఒక కాపీ పంపండి. ఇంకా ఒకటుంది, భోజనాల దగ్గర ప్రతి ఒక్కరినీ అడగండి, మీకు తెలిసినవాళ్ళలో ఇంకెవరు రాస్తారు, ఎవరు పాడతారు, ఎవరు గోడల మీద వేస్తారు అని. చెప్పిన పేర్లూ నెంబర్లూ అక్కడికక్కడే నోట్‌బుక్కులో రాసుకుని వారం తిరక్కుండా ఫోన్ చెయ్యండి, వచ్చే సంచిక పేజీల లెక్క ఆ నోట్‌బుక్కు చూసే వెయ్యండి.