బాకెన్ చమురు లెక్కలను సరిచూసుకోవడం ఎలా

అమెరికాలో ప్రధానంగా నార్త్ డకోటా రాష్ట్రంలో ఉన్న బాకెన్ శిలాస్తరం (చమురు ఉన్న రాతిపొర) నుంచి రోజుకు ఇన్ని లక్షల బ్యారెళ్ల చమురు వస్తోందని ఎక్కడైనా చదివినప్పుడు, ఆ అంకె నిజమా కాదా అని చూసేముందు అది దేని లెక్కో తేల్చుకోవాలి. ఎందుకంటే బాకెన్ పేరు మీద కనీసం మూడు లెక్కలు చలామణీలో ఉన్నాయి. నార్త్ డకోటా రాష్ట్రం మొత్తం ఉత్పత్తి ఒకటి; ఇతర పొరల నుంచి తోడిన చమురు కూడా ఇందులో ఉంటుంది. శిలాస్తరం వారీ లెక్క రెండోది; రాష్ట్ర ఖనిజ వనరుల శాఖ ఇందులో బాకెన్‌ను, దాని కిందనున్న త్రీ ఫోర్క్స్ పొరను కలిపే చూపుతుంది. మూడోది, అమెరికా ఇంధన సమాచార సంస్థ 'బాకెన్ ప్రాంతం' పేరిట కౌంటీల (జిల్లాల వంటివి) హద్దులను బట్టి వేసిన లెక్క. పక్క రాష్ట్రమైన మోంటానా తూర్పు భాగం కూడా ఇందులోకి వస్తుంది. నాకు కనిపించిన తప్పుల్లో చాలావరకు ఒక లెక్కను మరో లెక్కతో పోల్చడం వల్ల వచ్చినవే.

తరువాత చూడవలసినది నెలలోని రోజుల సంఖ్య. మార్చిలో 3.1 కోట్ల బ్యారెళ్లు, ఏప్రిల్‌లో 3 కోట్ల బ్యారెళ్లు వచ్చాయనుకుంటే, మూడు శాతానికి పైగా తగ్గినట్టు అనిపిస్తుంది. 31తోనూ 30తోనూ భాగించి చూస్తే రెండు నెలల్లోనూ రోజుకు సరిగ్గా 10 లక్షలే. ఫిబ్రవరి విషయంలో ఈ భ్రమ ఇంకా పెద్దది. ఒక్కో బావి లెక్కలోనూ ఇదే చిక్కు ఉంది: 31 రోజుల నెలలో 20 రోజులే పనిచేసి 6,200 బ్యారెళ్లు ఇచ్చిన బావికి రోజువారీ సగటు 310 అనీ చెప్పవచ్చు, 200 అనీ చెప్పవచ్చు. కంపెనీల ప్రకటనల్లో మొదటి 24 గంటల ఉత్పత్తి కనిపిస్తే దాన్ని పక్కన పెట్టడమే మంచిది, ఎందుకంటే బాకెన్ వంటి శిలాస్తరాల్లోని బావుల ఉత్పత్తి తొలి ఏడాదిలోనే బాగా పడిపోతుంది.

బావుల వారీ అంకెలను మీరే కూడి చూస్తే మొత్తం తక్కువ రావచ్చు. కొత్త బావి వివరాలను ఆరు నెలలపాటు గోప్యంగా ఉంచమని కోరే వీలు నార్త్ డకోటాలో ఉన్నందున, పట్టిక అడుగున ఉన్న గమనికలో గోప్యపు బావులను కలిపారో లేదో చూడాలి. రాష్ట్రపు అంకెలు సుమారు రెండు నెలలు ఆలస్యంగా వెలువడతాయి, ఆపైన సవరణకూ లోనవుతాయి. కాబట్టి మీరు చూసిన తేదీని కూడా రాసి పెట్టుకోండి.

చివరగా కొలమానం. 'చమురుకు సమానమైన బ్యారెళ్లు' అని ఉంటే, సుమారు 6,000 ఘనపుటడుగుల సహజవాయువును ఒక బ్యారెల్‌గా లెక్కగట్టి కలిపారని అర్థం. ఇదే శిలాస్తరం కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలోకీ విస్తరించింది. అక్కడి లెక్కలు ఘనపు మీటర్లలో ఉంటాయి గనుక, వాటిని 6.29తో గుణించాకే బ్యారెళ్ల సరసన పెట్టాలి.