పాత 486లో ఇంకో ఐసా కార్డు గుచ్చే ముందు

కొత్తగా పెట్టిన కార్డు పలకలేదనగానే అది పాడైందని పక్కన పడేయకండి. ఐసా స్లాట్లు (కార్డులు గుచ్చే పాతకాలపు గాళ్ళు) ఉన్న 486 లాంటి పాత పీసీల్లో చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది, అప్పటికే ఇంకోటి కూర్చున్న చోటునే ఇదీ అడుగుతుంటుంది. ఈ తగువు మూత తీయకముందే కాగితం మీద తేల్చుకోవాలి. తగువులో ఒక పక్షం డిస్కు కంట్రోలరైతే పోయేది మీ ఫైళ్ళు.

ముందు కరెంటు సంగతి. అమెరికా నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మెషీనైతే పవర్ సప్లై వెనకున్న చిన్న ఎర్ర స్విచ్ 115 మీద ఉందేమో చూడండి. దాన్ని అలాగే మన 230 వోల్టులకు పెడితే సప్లై పేలిపోతుంది. ఏటీ క్యాబినెట్లలో ముందు బటన్ దాకా మెయిన్స్ కరెంటే వస్తుంది కాబట్టి బటన్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. మదర్‌బోర్డుకి వెళ్ళే రెండు పవర్ కనెక్టర్లు తీసి పెట్టాల్సి వస్తే, రెండు కనెక్టర్ల నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి. బోర్డు మీద పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి పచ్చగా మారి ఉంటే కార్డు పని ఆపి, ముందు దాని సంగతి చూడండి. ఆ ద్రవం దగ్గర్లోని స్లాట్ల పిన్నుల్నీ తినేస్తుంది.

బయాస్ సెటప్‌లో ఉన్న హార్డ్ డిస్కు సిలిండర్, హెడ్, సెక్టార్ అంకెలన్నీ రాసుకోండి. డిస్కులోని ఫైళ్ళకు బ్యాకప్ తీయండి. ఒక బూట్ ఫ్లాపీ చేసుకోండి. ప్రతి కార్డు జంపర్లకూ (సెట్టింగు మార్చడానికి పిన్నులకు తొడిగే చిన్న టోపీలు), మార్చకముందే, ఫోటో తీయండి.

ఇప్పుడు కాగితం. కార్డుకో వరస, వరసకి నాలుగు గడులు: ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్ని పిలిచే గీత), డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకి డేటా పంపే దారి), ఐఓ పోర్టు (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే చిరునామా), మెమరీ అడ్రసు. పోర్టు, మెమరీ అంకెలు హెక్సాడెసిమల్, అంటే పదహారు అంకెల లెక్కలో ఉంటాయి, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వస్తాయి. ఐఆర్‌క్యూల్లో 0 టైమరుది, 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 8 గడియారానిది, 13 కోప్రాసెసరుది, 14 ఐడీఈ డిస్కుది. 4 కామ్1కి (మొదటి సీరియల్ పోర్టు), 3 కామ్2కి, 7 ప్రింటరుకి పోతాయి. కార్డు మీద 2 అని రాసి ఉన్నది నిజానికి 9. ఇక మిగిలేవి 5, 9, 10, 11, 12, 15. పీఎస్2 మౌస్ ఉంటే 12 కూడా లేనట్టే. రెండో ఐడీఈ ఉంటే 15 కూడా అంతే. 8 బిట్ల కార్డుకి 10, ఆపైవి అందవు, ఆ తీగలు పొడుగు స్లాటు రెండో ముక్కలో ఉంటాయి.

తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్లలో లాగా ఐసాలో ఐఆర్‌క్యూని పంచుకోలేం. ఇక్కడ గీత పైకి లేచే క్షణమే సంకేతం. ఒక కార్డు ఆ గీతను కిందికి పట్టుకుని ఉంటే రెండోది పైకి లేపలేదు. కామ్1లో మౌస్, కామ్3లో మోడెమ్ పెడితే రెండూ 4నే వాడతాయి. మోడెమ్ డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోవడానికి కారణం అదే.

పోర్టుల దగ్గర అసలు చిక్కు. అడాప్టెక్ 1542 స్కసీ డిస్కు కంట్రోలరు, సౌండ్ బ్లాస్టర్ 16, ఎన్ఈ2000 నెట్‌వర్క్ కార్డు ఒకే పెట్టెలో పెట్టారనుకోండి. స్కసీ ఫ్యాక్టరీ సెట్టింగు పోర్టు 330, డీఎంఏ 5. సౌండ్ కార్డు మిడి (సంగీత వాయిద్యాల) పోర్టూ 330, 16 బిట్ల డీఎంఏ కూడా 5. సరే అని మిడిని 300కి జరిపితే అక్కడ ఎన్ఈ2000 ఉంది. దాన్ని 320కి జరుపుదామంటే అది 32 పోర్టులు ఆక్రమిస్తుంది, అంటే 33ఎఫ్ దాకా పోయి మళ్ళీ స్కసీ మీద పడుతుంది. 360కి జరిపితే 378లో ఉన్న ప్రింటరు పోర్టుని తొక్కుతుంది. కాబట్టి 340. మొదలు ఎక్కడో చూసి వదిలేస్తే ఇలాగే దొరికిపోతాం, కాగితం మీద చివరి పోర్టు కూడా రాయాలి.

డీఎంఏ తగువు అన్నిటికంటే ప్రమాదం. స్కసీని 5లోనే ఉంచి సౌండ్ కార్డుని 6కో 7కో మార్చండి. ఆటోఎగ్జెక్ ఫైల్లోని బ్లాస్టర్ లైనులో (సౌండ్ కార్డు సెట్టింగులు చెప్పే లైను) హెచ్ పక్క 16 బిట్ల డీఎంఏ అంకె, పీ పక్క మిడి పోర్టు కూడా మార్చడం మరవద్దు. కొన్ని పాత ఆటలు మిడి కోసం 330 తప్ప చూడవు. అవే ముఖ్యమైతే మిడిని కదపకుండా స్కసీని 334కి జరపండి. ఎన్ఈ2000 ఐఆర్‌క్యూ మామూలుగా 3, అంటే కామ్2తో పేచీ. మీ కార్డులో 10 ఉంటే అది పెట్టండి, లేకపోతే కామ్2ని ఆపేయండి.

ఒకే పని చేసే భాగాలు రెండు కార్డుల మీద ఉండటం తరచుగా కనబడదు గానీ కొంప ముంచుతుంది. ఐఓ కార్డు మీద జాయ్‌స్టిక్ పోర్టు, సౌండ్ కార్డు మీద ఇంకొకటి, రెండూ 201లోనే. ఒకదాన్ని జంపరుతో ఆపండి. సౌండ్ కార్డు మీది సీడీ ఐడీఈ వాడకపోతే దాన్నీ ఆపండి. ఎస్3 వీడియో కార్డున్న చోట కామ్4 పెట్టొద్దు, రెంటికీ 2ఈ8 కావాలి. బూట్ రామ్ ఉన్న కార్డు డీసీ000 లాంటి చోట కూర్చుంటే, కాన్ఫిగ్ ఫైల్లో ఈఎంఎం386 అనే మెమరీ మేనేజరుకి ఆ మేర వదిలేయమని చెప్పండి. లేకపోతే డ్రైవర్లు సరిగ్గా దాని మీదే లోడవుతాయి.

డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ పరీక్ష ప్రోగ్రాం చూపించే పట్టికని పూర్తిగా నమ్మొద్దు. డ్రైవరు లోడవని కార్డు దానికి కనబడదు, ఖాళీ అని చూపిస్తుంది. జంపరు చెప్పేదే నిజం. ప్లగ్ అండ్ ప్లే బోర్డులో పాత జంపర్ కార్డు పెడితే, దాని ఐఆర్‌క్యూని బయాస్‌లో లెగసీ ఐసాకి కేటాయించండి.

బిగించేటప్పుడు వీడియో, డిస్కు మాత్రమే పెట్టి బూట్ చేయండి. తర్వాత ఒక్కొక్కటిగా. ప్రతిసారీ ప్లగ్ పీకాకే. కార్డు వెనక అంచు ఎత్తుగా లేచి ఉంటే స్క్రూ బిగించినప్పుడు ముందు కాంటాక్టులు ఊడతాయి, అది కూడా అచ్చం తగువులాగే కనబడుతుంది. మూడూ కుదిరాక విండోస్ 3.11లో 16 బిట్ల వేవ్ ఫైలు మోగిస్తూ, నెట్‌వర్క్ నుంచి పెద్ద ఫైలొకటి స్కసీ డిస్కుకి కాపీ చేయండి. తర్వాత డాస్‌లో ఫైళ్ళు పోల్చే ఎఫ్‌సీ కమాండుకి బైనరీ స్విచ్ ఇచ్చి అసలుతో పోల్చండి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ డిస్కులో ఇంకేమీ రాయకుండా ఆపేసి, డీఎంఏ గడి దగ్గరికి వెనక్కి వెళ్ళండి.