కొనే ముందు ఊపి చూడండి: షాపులో నింటెండో స్విచ్‌ని పరీక్షించే పద్ధతి

సికింద్రాబాద్ సీటీసీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లో కౌంటర్ మీద ఆన్ చేసి పెట్టిన స్విచ్ అనే గేమ్ కన్సోల్ కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. రేసింగ్ గేమ్ రెండు నిమిషాలు ఆడి, బొమ్మ బాగుందని డబ్బులు తీసేస్తారు. బొమ్మ దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. తేడా వచ్చేది చేతిలో పట్టుకుని ఊపే చిన్న కంట్రోలర్, జాయ్‌కాన్ దగ్గర. ఊపినదానికీ తెర మీద కనబడేదానికీ పొంతన లేకపోతే తప్పు యంత్రానిది కావచ్చు, షాపు టీవీది కావచ్చు, మన చేతిది కూడా కావచ్చు. ఎవరిదో పావుగంటలో తేల్చుకోవచ్చు.

ముందు ఏ మోడలో అడగండి

2017లో వచ్చిన మొదటి స్విచ్‌కీ, 2021 నాటి ఓఎల్ఈడీ మోడల్‌కీ జాయ్‌కాన్‌లు పక్కలకి జారి తగులుకుంటాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కి అయస్కాంతంతో అతుక్కుంటాయి. 2019 నాటి స్విచ్ లైట్‌లో కంట్రోలర్లు ఊడిరావు, దాన్ని టీవీకి కలపడం కూడా కుదరదు. చేయి ఊపి ఆడే ఆటల కోసమైతే లైట్ వద్దు. తక్కువ ధరకి వస్తోందని అది తీసుకున్నా, జాయ్‌కాన్‌ల జత విడిగా కొనక తప్పదు, పైగా ఆ చిన్న తెర ముందే గెంతాలి.

స్విచ్ 2 అయితే ఇంకో సంగతి చూడాలి. జపాన్‌లో తక్కువ ధరకి అమ్మే రకం ఒకటుంది. అందులో మెనూ భాష జపనీస్ తప్ప మరొకటి రాదు, జపాన్ ప్రాంతపు ఖాతాలే కలుస్తాయి. సెట్టింగ్స్ తెరిచి ఇంగ్లిష్ పెట్టించి చూడండి. పెట్టలేకపోతే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. మొదటి స్విచ్‌కి ఈ బెడద లేదు, ఏ దేశంలో కొన్నదైనా భాష మార్చుకోవచ్చు.

పట్టీ, తర్వాతే ఆట

మణికట్టు పట్టీ లేకుండా ఊపనంటే షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. చెమట పట్టిన చేతిలోంచి జారిన జాయ్‌కాన్ పోయి టీవీకి తగిలితే ఎవరు కట్టాలన్న గొడవ అక్కడే మొదలవుతుంది. మొదటి స్విచ్ పట్టీ మీద + గానీ − గానీ గుర్తు ఉంటుంది. జాయ్‌కాన్ మీద ఉన్న బటన్ గుర్తుతో అది కలవాలి. తిరగేసి తోస్తే బిగుసుకుపోయి లాగినా రాదు, డెమో యూనిట్లలో తరచూ జరిగే నష్టం ఇది. సరిగ్గా ఎక్కాక కింద ఉన్న చిన్న లాక్ వేయండి, తీసేటప్పుడు ముందు లాక్ విప్పండి. చుట్టూ చేయి చాచి తిరిగినా ఎవరికీ తగలనంత జాగా చూసుకోండి.

స్టిక్కు పరీక్ష

ఊపడానికి ముందే స్టిక్కుల (బొటనవేలితో తోసే చిన్న పుల్లల) సంగతి తేల్చాలి. ఎందుకంటే బొమ్మ దానంతటది కదులుతుంటే, సెన్సర్ తప్పో స్టిక్కు తప్పో తెలియక తికమక పడతాం. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్లు, సెన్సర్ల విభాగంలోకి వెళ్లి స్టిక్కు క్యాలిబ్రేషన్ (కొలతని సరిచేసే పని) తెరవండి. ఏ స్టిక్కో అడుగుతుంది, దాన్ని లోపలికి నొక్కండి. చేయి తీసేస్తే తెర మీది గుర్తు మధ్యలోనే ఆగాలి. ఇప్పుడు స్టిక్కుని నాలుగు వైపులా చివరిదాకా తోసి వదలండి. ప్రతిసారీ మధ్యకే రావాలి. ఒక వైపు తోసి వదిలినప్పుడు మాత్రమే కొంచెం పక్కన ఆగితే అది అరుగుదల. మొదటి స్విచ్ జాయ్‌కాన్‌లో స్టిక్కు కింద కార్బన్ పూత మీద రాసుకుంటూ కదిలే భాగం ఉంటుంది. పూత అరిగేకొద్దీ తప్పుడు సంకేతాలు వస్తాయి. క్యాలిబ్రేషన్ చేస్తే కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందే గానీ పూత తిరిగి రాదు. షాపువాడు చటుక్కున క్యాలిబ్రేషన్ చేసి "చూశారా, సరైపోయింది" అంటే ఒప్పుకోకండి, వేరే జత ఇమ్మనండి.

ఊపడం

జాయ్‌కాన్ లోపల కదలికని పసిగట్టే సెన్సర్లు రెండుంటాయి. ఆక్సిలరోమీటర్‌కి కదలికతోపాటు భూమ్యాకర్షణ ఎటుందో కూడా తెలుస్తుంది, కాబట్టి కంట్రోలర్ పైకో కిందకో వంగితే లెక్క తప్పదు. గైరోస్కోప్ ఎంత వేగంగా తిరుగుతోందో మాత్రమే చెబుతుంది. ఆ వేగాలన్నీ కూడి కోణం కట్టాలి, ప్రతి చిన్న తప్పూ అందులో కలిసిపోతుంది. పైకీ కిందకీ వచ్చే తప్పుని భూమ్యాకర్షణ సరిదిద్దుతుంది. ఎడమ కుడి తప్పుని సరిదిద్దే ఆధారం లేదు. అందుకే ఏ స్విచ్‌లోనైనా కాసేపు ఆడాక గురి పక్కకి జరుగుతుంది. కొద్దిగా జరగడం లోపం కాదు. ఎంత త్వరగా జరుగుతోందన్నదే చూడాలి.

దీనికి సరైన ఆట 2022లో వచ్చిన నింటెండో స్విచ్ స్పోర్ట్స్, అందులోనూ కత్తి ఆట. టెన్నిస్‌తో ఏమీ తెలియదు. మణికట్టు కాస్త విదిలించినా బంతి వెళ్లిపోతుంది, సెన్సర్ సగం చచ్చినా ఆట నడిచిపోతుంది. కత్తి ఆటలో మన చేతి కోణమే కత్తి కోణం. ఇలా చేయండి:

1. కంట్రోలర్‌ని టీవీ వైపు నేరుగా పట్టుకుని, తెర మీద చూపించే బటన్‌తో కేంద్రం సరిచేయండి.
2. నిదానంగా అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా తిప్పండి. కత్తి ఏ కోణంలోనూ ఆగిపోకుండా వెంటే రావాలి.
3. పదిసార్లు గట్టిగా విసిరి, మళ్లీ నేరుగా పట్టుకోండి. కాస్త పక్కకి ఉంటే ఫరవాలేదు, కత్తి పూర్తిగా పక్కకి తిరిగిపోతే అనుమానించాలి.
4. కంట్రోలర్‌ని కదలకుండా బల్ల మీద అర నిమిషం ఉంచండి. కత్తి తనంతట తిరుగుతూ ఉండకూడదు.

నాలుగోదానిలో తిరిగితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి కదలికల క్యాలిబ్రేషన్ చేయండి. జాయ్‌కాన్‌ని విడిగా తీసి, కదలని చదునైన చోట పెట్టి తెర మీది సూచన ప్రకారం చేయాలి. స్పీకర్ మోగుతున్న గాజు కౌంటర్ మీద పెడితే ఆ అదురే కొత్త తప్పవుతుంది, అవసరమైతే నేల మీద పెట్టండి. స్టిక్కులా కాదు, ఇక్కడ క్యాలిబ్రేషన్ నిజంగా పనిచేస్తుంది. అది చేశాక కూడా తిరుగుతుంటేనే ఆ జత వద్దనండి.

స్విచ్ స్పోర్ట్స్ షాపులో లేకపోతే మారియో కార్ట్ 8 డీలక్స్‌లో వంచి నడిపే స్టీరింగ్ పెట్టి చూడొచ్చు. కాకపోతే అది వంపుని మాత్రమే చూస్తుంది. అక్కడ బాగున్నంత మాత్రాన గైరో బాగున్నట్టు కాదు.

ఆలస్యం ఎవరిది

ఊపిన చాలాసేపటికి గానీ తెర మీద కదలకపోతే చాలామంది కంట్రోలర్‌ని తిట్టుకుంటారు. ఎక్కువసార్లు దోషి టీవీ. షాపుల్లో టీవీలని మెరుపు రంగుల మోడ్‌లో పెడతారు, బొమ్మని నున్నగా చేసే పని ఒక్కొక్క ఫ్రేమ్‌ని ఆపి పంపుతుంది. రిమోట్ అడిగి గేమ్ మోడ్ పెట్టించండి. ఇంకా అనుమానముంటే స్విచ్‌ని డాక్ (టీవీకి కలిపే పీట) నుంచి తీసి, వెనక స్టాండ్ మీద నిలబెట్టి దాని సొంత తెర మీదే అదే ఆట ఆడండి. ఆలస్యం పోయిందా, టీవీది తప్పు. పోలేదా, బ్లూటూత్ సంగతి చూడాలి.

జాయ్‌కాన్ మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, అదే వరసలో షాపు వైఫై, పక్కన పది హెడ్‌సెట్లు కూడా ఉంటాయి. మన ఒళ్లు కూడా ఆ తరంగాన్ని అడ్డుకుంటుంది. అందుకే టీవీకి వీపు తిప్పి, లేదా చేయి వెనక్కి పెట్టి ఆడి చూడండి. ఒక్కసారి తెగితే షాపు రద్దీ అనుకోవచ్చు. ఎడమది మాత్రమే పదే పదే తెగుతుంటే ఆ కంట్రోలర్‌లోనే లోపం. అసలు కలవడమే లేదంటే కంగారు పడకండి: ఒక జాయ్‌కాన్ ఒకసారికి ఒక్క స్విచ్‌కే కట్టుబడి ఉంటుంది. ఎవరో దాన్ని పక్క డెమోకి తగిలించి ఉంటారు. మళ్లీ ఈ స్విచ్‌కి తగిలిస్తే చాలు.

సెకండ్ హ్యాండ్ అయితే

మొదటి స్విచ్‌ని రెండు జాయ్‌కాన్‌లతో గాల్లోకి ఎత్తి కొద్దిగా కుదపండి. లోపలి ప్లాస్టిక్ కొక్కెం అరిగితే కన్సోల్ జారి ఊడుతుంది (కింద మెత్తటిదేదైనా పరచుకోండి). ఆ తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, నింటెండో ఆన్‌లైన్ దుకాణమైన ఈషాప్ తెరవండి. 2124-4007 అన్న కోడ్ వస్తే ఆ యంత్రాన్ని ఆన్‌లైన్ సేవల నుంచి నింటెండో వెలివేసినట్టే. ఏ రిపేరు షాపూ దాన్ని తిరిగి కలపలేదు.

నింటెండో పాత కన్సోల్ వీ (Wii) దొరికితే, టీవీ దగ్గర పెట్టే దాని సెన్సర్ బార్‌ని పరీక్షించడం సులువు. పేరుకి సెన్సర్ గానీ అందులో ఉన్నవి రెండు కొసల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే, కెమెరా ఉండేది రిమోట్‌లో. ఫోన్ ముందు కెమెరాతో చూస్తే రెండు చివరలా మెరుపు కనబడాలి. ఒంటి కదలికలని కెమెరాతో చూసే ఎక్స్‌బాక్స్ 360 కైనెక్ట్‌ని మాత్రం ఇరుకు షాపులో పరీక్షించి లాభం లేదు. ఒక్కరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగుల దూరం అడుగుతుంది. వరండాలోకో మెట్ల హాల్లోకో తీసుకెళ్లి చూపించమనండి.

మన దగ్గర అమ్మే స్విచ్‌లు చాలావరకు బయటి దేశాల నుంచి తెచ్చినవే. అమెరికా పెట్టెలో వచ్చే ఛార్జర్ 100 నుంచి 240 వోల్టులు తట్టుకుంటుంది, చదును పిన్నుకి మాత్రం అడాప్టర్ కావాలి. మరో యూఎస్‌బీ-సీ ఛార్జర్ ఇస్తానంటే డాక్‌లో పెట్టి టీవీ మీద బొమ్మ వస్తుందో లేదో చూడండి. మొదటి స్విచ్‌కి 15 వోల్టులు, 2.6 ఆంపియర్ల అడాప్టర్ ఉంటుంది, తక్కువ దానితో చార్జ్ ఎక్కినా టీవీ మోడ్ రాదు. వారంటీ ఎవరిస్తారో, ఎన్ని రోజులో, స్టిక్కు అరుగుదల అందులో ఉందో లేదో బిల్లు మీదే రాయించుకోండి, కన్సోల్ మీద ఉన్న సీరియల్ నంబర్‌తో సహా.