మంచు పడవ అడ్డపలకను బతికించుకున్నాం

హడ్సన్ నది గడ్డకట్టిన ఏడాది దాని మీద తెరచాపలతో దూసుకెళ్లే పాత కొయ్య ఐస్ యాట్‌లు న్యూయార్క్ వైపు ఇంకా ఉన్నాయి. జాన్ ఎ. రూజ్‌వెల్ట్ అనే ఆయన పడవ ‘ఐసికిల్’ అయితే ఏకంగా 68 అడుగుల పైమాటే. మేం బాగుచేసింది చిన్నది, వెనక రన్నరే (మంచు మీద జారే బద్ద) చుక్కానిగా తిరిగే రకం.

జబ్బంతా అడ్డపలకలో ఉంది. రెండు చివర్లా ఇనుప రన్నర్లను మోసేది అదే. పైన వార్నిష్ నిగనిగలాడుతోంది. ఇనుప పట్టీ విప్పితే కింద కొయ్య గోరు దిగేంత మెత్తన, బోల్టు రంధ్రం చుట్టూ నల్లటి చెమ్మ. పలక మొత్తం మార్చేయమన్నారు, నాకు మనసొప్పలేదు. పుచ్చిన మేర కోసేసి, మందానికి ఎనిమిది రెట్ల పొడవున ఏటవాలుగా చిత్రిక పట్టి, అదే జాతి కొయ్యను ఎపాక్సీ జిగురుతో అతికించాను. చలికి ఎపాక్సీ సరిగా గట్టిపడదు కాబట్టి గరాజ్‌లో హీటర్ ఆపలేదు. కరెంటు బిల్లు సంగతి అడక్కండి.

తర్వాత టెన్షన్ రన్నర్లతో. పలక విల్లులా పైకి వంగి ఉంటుంది, మనుషులెక్కితే దిగుతుంది, దాంతో రన్నర్ల వాలు మారుతుంది. ఖాళీ పడవకు కొలిచి లాభం లేదు. అందుకే ఇద్దరిని ఎక్కించి, రన్నర్ల మధ్య దూరం ముందూ వెనకా ఒకేలా వచ్చేదాకా సర్దాను. ఆకురాయితో అంచులకు 90 డిగ్రీల కోణం తెచ్చాక పక్కకు జారడం ఆగింది.