అత్యుష్ణ సిరామిక్స్ – పాఠం 3: రెక్క అంచుకు ఏ పదార్థం?

బోరైడ్లు (బోరాన్‌తో కూడిన సమ్మేళనాలు), కార్బైడ్లు (కార్బన్‌తో కూడినవి) విపరీతమైన వేడిని ఎందుకు తట్టుకుంటాయో గత పాఠంలో చూశాం. ఈసారి ఎంపిక నేర్చుకుందాం. ధ్వనికి అయిదు రెట్లు మించిన వేగంతో వెళ్లే వాహనం, గాలిని చీల్చే దాని రెక్క ముందు అంచు మన లెక్క.

ముందు వేడి సంగతి. అంచును తాకే ఉష్ణ ప్రవాహం ఆ అంచు వంపు వ్యాసార్ధపు (అది చిన్నదైతే అంచు పదునన్నమాట) వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధాన్ని 4 సెం.మీ. నుంచి 1 సెం.మీ.కి తగ్గిస్తే వేడి రెట్టింపవుతుంది. గాలి నిరోధం తగ్గాలంటే పదును కావాలి, పదును పెడితే వేడి మీద పడుతుంది. చిక్కంతా అక్కడే.

ఇప్పుడు కరిగే ఉష్ణోగ్రతలు చూడండి. టాంటలమ్ కార్బైడ్ దాదాపు 3,800 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జిర్కోనియం డైబోరైడ్ సుమారు 3,250 దగ్గర కరుగుతాయి. మొదటిదే మేలనిపిస్తుంది కదూ? తొందరపడకండి. గాలిలో ఆక్సిజన్ ఉంది. టాంటలమ్ ఆక్సైడ్ 1,900 లోపే కరిగిపోతుంది. జిర్కోనియం ఆక్సైడ్ మాత్రం దాదాపు 2,700 దాకా గట్టిగా నిలుస్తుంది. కాబట్టి పదార్థం ఎంతకు కరుగుతుందో చూశాక, దాని ఆక్సైడ్ ఎంతకు కరుగుతుందో తప్పక చూడండి. నా మటుకు నేను ఆ రెండో అంకెనే ముందు వెతుకుతాను.

అయినా జిర్కోనియం డైబోరైడ్‌ను ఒంటరిగా వాడరు. అది మండినప్పుడు పుట్టే బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి ఉపరితలాన్ని కప్పి కాపాడుతుంది. సుమారు 1,200 దాటాక అదే ఆవిరైపోతుంది, మిగిలిన జిర్కోనియం ఆక్సైడ్ పొరంతా రంధ్రాలే. అందుకే ఘనపరిమాణంలో 20 నుంచి 30 శాతం సిలికాన్ కార్బైడ్ కలుపుతారు. దాన్నుంచి వచ్చే సిలికా గాజుపొర సుమారు 1,600 దాకా రంధ్రాలను పూడుస్తుంది. గాలి బాగా పలచబడిన ఎత్తుల్లో మాత్రం సిలికాన్ కార్బైడ్ గాజుకు బదులు సిలికాన్ మోనాక్సైడ్ వాయువునిచ్చి తరిగిపోవచ్చు. నేలమీది కొలిమి పరీక్ష ఒక్కటే నమ్మకూడదనేది అందుకే.

మిగతా గుణాలు క్లుప్తంగా: ఈ బోరైడ్లు వేడిని బాగా ప్రసరింపజేసి కొన నుంచి లోపలికి లాగేస్తాయి. విద్యుత్తునూ పోనిస్తాయి కనుక విద్యుత్ స్పార్క్‌తో కోయవచ్చు. బోరాన్ న్యూట్రాన్లను పీల్చుకుంటుంది కాబట్టి కొన్ని అణు ఇంధన గుళికలకు జిర్కోనియం డైబోరైడ్ పలుచని పూత వేస్తారు. లోపం పెళుసుదనం.

అభ్యాసం: వ్యాసార్ధం 9 మి.మీ. నుంచి 1 మి.మీ.కి తగ్గితే వేడి ఎన్ని రెట్లవుతుంది? హాఫ్నియం డైబోరైడ్ 3,380 డిగ్రీల దాకా కరగదు, కానీ జిర్కోనియం డైబోరైడ్‌కన్నా దాదాపు రెట్టింపు బరువు. బరువు పరిమితి కఠినంగా ఉన్న రెక్కకు ఏది ఎంచుకుంటారు, ఎందుకు? రాసి ఉంచుకోండి. జవాబులు చూశాకే నాలుగో పాఠంలో హాట్ ప్రెస్సింగ్ (పొడిని వేడిచేస్తూ నొక్కి గట్టిపరిచే పద్ధతి) మొదలుపెడదాం.