హార్డ్‌వేర్ వాలెట్ పాఠాలు – 5: సంతకం బాగానే ఉంది, మారింది మెసేజే

కిందటి పాఠంలో, బిట్‌కాయిన్ అడ్రస్ మనదేనని చూపించడానికి, ఒక మెసేజ్‌కి డివైస్‌తో (బిట్‌కాయిన్ తాళాలను, అంటే ప్రైవేట్ కీలను, దాచే హార్డ్‌వేర్ వాలెట్‌తో) సంతకం పెట్టి, ఇంకొకరి చేత వెరిఫై చేయించమన్నాను. చాలామందికి ‘చెల్లదు’ అని వచ్చింది. ఆదోని నుంచి ఒకాయన డివైస్ పాడైందనుకుని రీసెట్ చేయబోయారు. ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ, కాయిన్లు పోయాయేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డారట. ఏమీ పోలేదు. ఈ వారం ఎథీరియం (ఇంకో క్రిప్టో నెట్‌వర్క్) సంతకాలు చెప్పాల్సింది, అవి తర్వాత చూద్దాం. ముందు ఈ గోల తేలాలి.

వెరిఫై చేయడానికి డివైస్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, వాలెట్‌ను తిరిగి తెచ్చుకునే 24 పదాలు అసలే అక్కర్లేదు. మెసేజ్, అడ్రస్, సంతకం ఉంటే చాలు. డివైస్ మీ మెసేజ్ ముందు ‘బిట్‌కాయిన్ సైన్డ్ మెసేజ్’ అనే ఇంగ్లీషు ముక్క తగిలించి, మొత్తాన్ని రెండుసార్లు హ్యాష్ చేసి (లెక్కకట్టి, వేలిముద్రలాంటి చిన్న సంకేతంగా మార్చి), ఆ హ్యాష్ మీద సంతకం పెడుతుంది. మెసేజ్ పేరుతో మీ చేత లావాదేవీ మీద సంతకం పెట్టించకుండా అడ్డుకునేది ఆ ముక్కే. హ్యాష్ కాబట్టి ఒక్క చుక్క మారినా అంతా మారిపోతుంది. ‘కొంచెం తేడా ఉంది’ అని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

నాకు ఒళ్లు మండేది వాట్సాప్‌తో. రెండు మెసేజీలు కలిపి కాపీ చేస్తే తేదీ, టైము, పంపినవాళ్ల పేరు కూడా వచ్చి అతుక్కుంటాయి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, రెండు స్పేసులు కొడితే ఫుల్‌స్టాప్ పెడుతుంది, నిటారు కొటేషన్ గుర్తులను వంకరవి చేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు చివర ఉన్న ఖాళీని కత్తిరిస్తాయి, కొన్ని ఉంచుతాయి. సంతకం 88 అక్షరాలు, చివరిది ‘ఈజ్ ఈక్వల్ టు’ గుర్తు. దాన్ని చెత్త అనుకుని వదిలేసినవాళ్లూ ఉన్నారు!

వీటన్నిటికంటే దొంగది ఇంకొకటుంది. ఒకరు ‘ఈ అడ్రస్ నాదే, కర్నూల్’ అని తెలుగులో రాసి సంతకం పెట్టారు. నేను అదే వాక్యం టైప్ చేసి వెరిఫై చేస్తే చెల్లలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, తేడా కనపడితే ఒట్టు. అక్షరాలు లెక్కపెడితే ఆయనది ఒకటి ఎక్కువ తేలింది. ‘కర్నూల్‌లో’ అని రాసేటప్పుడు లకి ల ఒత్తు పడకుండా కీబోర్డు కంటికి కనపడని అక్షరం ఒకటి పెడుతుంది. పదం చివర పడితే అది ఉన్నట్టే తెలియదు. పైగా చిన్న డివైస్ తెర మీద తెలుగు అక్షరాలు సరిగా రావు. తెర మీద చదవలేనిదానికి బటన్ నొక్కడమంటే ఖాళీ స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయడమే.

నా పద్ధతి ఇది: ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు, ఒకే లైను, కొటేషన్ గుర్తులు లేవు, చివర చుక్క లేదు. అందులో తేదీ, ఎవరికోసం సంతకం పెడుతున్నామో వాళ్ల పేరు తప్పనిసరి. లేకపోతే పాత సంతకాన్ని ఎవరైనా కొత్తదిగా చూపించొచ్చు. 2016లో తానే బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషినని చెప్పుకున్న క్రెయిగ్ రైట్ చూపించిన సంతకం, 2009 నాటి లావాదేవీలోదని జనం వెంటనే పట్టేశారు. 2020 మేలో అయితే, ఆయన తనవని కోర్టులో చెప్పుకున్న జాబితాలోని 145 అడ్రస్‌ల తాళాలున్నవాళ్లెవరో ‘రైట్ అబద్ధాలకోరు, మోసగాడు’ అని సంతకాలు పెట్టి వదిలారు. వాళ్లెవరో సంతకం చెప్పదు, పెట్టినవాళ్ల చేతిలో తాళం ఉందని మాత్రం చెబుతుంది.

ఇంత జాగ్రత్తపడినా చెల్లకపోతే ఫార్మాట్ చూడండి. బీసీ1క్యూతో మొదలయ్యే అడ్రస్‌కి ట్రెజర్ (ఒక హార్డ్‌వేర్ వాలెట్) పద్ధతి వేరు, ఎలక్ట్రమ్ (ఒక వాలెట్ సాఫ్ట్‌వేర్) పద్ధతి వేరు. నేను సంతకం మొదటి అక్షరం చూస్తాను: జే గానీ కే గానీ అయితే ట్రెజర్‌ది, హెచ్ గానీ ఐ గానీ అయితే ఎలక్ట్రమ్‌ది. ట్రెజర్ సూట్ యాప్‌లో సంతకం పెట్టేచోటే ఫార్మాట్ మార్చుకోవచ్చు. బీసీ1పీతో మొదలయ్యే అడ్రస్‌లకు ఈ రెండు పద్ధతులూ పనికిరావు, ఇప్పటికి వాటి జోలికి పోకండి.

అభ్యాసం: ఒకే మెసేజ్‌కి రెండు ఫార్మాట్లలోనూ సంతకం పెట్టి మొదటి అక్షరాలు పోల్చండి. తర్వాత ఒక సంతకాన్ని, 88 అక్షరాలూ, కాగితం మీద చేత్తో రాయండి. వాలెట్ అంటే ఏమిటో తెలియని ఇంట్లోవాళ్లెవరైనా ఆ కాగితం చూసి టైప్ చేసి వెరిఫై చేయాలి. పెద్ద ఐ, చిన్న ఎల్, సున్నా, ఓ దగ్గర మీ చేతిరాత నిలబడుతుందో లేదో చూసుకోండి. ఫొటో తీసి పంపడం కుదరదు.