ప్రమాదాన్ని ముందే పట్టడం – 3వ పాఠం: ఊపిరి లెక్క

పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చూద్దాం. ఎప్పుడూ పై బీపీ 160 ఉండే మనిషికి ఇవాళ 110 వచ్చింది. న్యూస్-2 పట్టిక (నాడి, బీపీ, ఊపిరి లాంటి కొలతలకు మార్కులు వేసే పద్ధతి, మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు) ప్రకారం 1 మార్కే. డాక్టరుకు చెప్పాలా, 'నార్మల్' అని వదిలేయాలా అన్నదే ప్రశ్న. చెప్పాలి. ఆ మనిషికి మామూలుగా ఎంత ఉంటుందో పట్టికకు తెలీదు, మీకు తెలుసు. 'నార్మల్' అని రాసుకున్నవాళ్లు పాత కేస్‌షీట్ తీసి చూడడం ఇవాళే అలవాటు చేసుకోండి.

ఇక ఊపిరి. వార్డులో కొలిచేవాటన్నిటిలో దీన్నే తక్కువగా చూస్తాం, చాలా జబ్బుల్లో మాత్రం ముందుగా మారేది ఇదే. నాడి, బీపీ, ఆక్సిజన్ మెషీన్ చెప్పేస్తుంది. ఊపిరిని మనిషి పక్కన నిలబడి ఒక నిమిషం లెక్కపెట్టాలి. ముప్ఫై నలభై మంది రోగులకు ఒక్క సిస్టర్ ఉన్న రాత్రి ఆ నిమిషం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. టీపీఆర్ చార్టులో (జ్వరం, నాడి, ఊపిరి రాసే కాగితం) ఊపిరి దగ్గర పై నుంచి కింద దాకా 20, 20, 20 అని ఉంటే అది చూసి రాసిన అంకె కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

ఊపిరి ఎందుకు ముందు మారుతుందో తెలిస్తే లెక్కపెట్టడం భారంగా అనిపించదు. మెదడు అడుగుభాగంలో ఊపిరిని నడిపే కేంద్రం రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను, ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు పసిగడుతూ ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ముదిరినా, కిడ్నీలు ఆమ్లాన్ని బయటకు పంపలేకపోయినా, షుగరు అదుపు తప్పి కీటోన్లు అనే ఆమ్లాలు చేరినా అది ఊపిరితిత్తులను తొందరపెడుతుంది. వేగంగా, లోతుగా గాలి వదిలి ఆమ్లం తగ్గించుకోవాలని శరీరం చూస్తుంది. ఆ సమయంలో వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటరు 98 చూపించవచ్చు. అది అబద్ధం చెప్పడం లేదు, ఆక్సిజన్ సంగతి మాత్రమే చెబుతోంది. ఆమ్లం సంగతి దానికి తెలీదు.

మన శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కిడ్నీ రోగులు మన వార్డులకు కొత్త కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అయినా జ్వరమనో, నీరసమనో ఉద్దానం రోగి ఏ ఆసుపత్రి జనరల్ వార్డుకైనా రావచ్చు. డయాలసిస్ ఒక్కసారి తప్పితే ఒంట్లో ఆమ్లమూ, నీరూ రెండూ పెరుగుతాయి. రెండూ ఊపిరిలోనే బయటపడతాయి. (డయాలసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలు కలిపి చేసిన దారి) వేసిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.)

లెక్కపెట్టే పద్ధతి ఇది. ఊపిరి చూస్తున్నానని రోగికి చెప్పకండి. చెబితే తెలియకుండానే మార్చేసుకుంటాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, చూపు పొట్ట మీదకో ఛాతీ మీదకో తిప్పండి. దుప్పటి కప్పుకుని ఉంటే అదే చేతిని దుప్పటి మీదుగా ఛాతీపై ఆనించండి. లేచి దిగడం ఒకటి. నిమిషం మొత్తం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి తప్పినా అంకె నాలుగు మారుతుంది. బాత్రూమ్‌కు వెళ్లొచ్చిన వెంటనే అయితే అయిదు నిమిషాలు ఆగండి.

అంకెతో పాటు తీరు కూడా చూడండి. మెడ కండరాలు లాగుతున్నాయా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, ఒక్క మాట పూర్తి చేయడానికి మధ్యలో ఆగుతున్నాడా, పడుకోలేక ముందుకు వంగి కూర్చున్నాడా. "ఎలాగుంది బాబూ?" అంటే "ఏటోనమ్మా, గాలి సాల్నేదు" అన్నాడనుకోండి, ఆ మాటను ఉన్నదున్నట్టు కేస్‌షీట్లో రాయండి.

మార్కుల పద్ధతి మొదటి పాఠంలో చెప్పిన న్యూస్-2. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించింది. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 అయితే 0. 21 నుంచి 24 అయితే 2. 25, ఆపైన 3. 9 నుంచి 11 అయితే 1. 8, అంతకంటే తక్కువైతే మళ్లీ 3. పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఈ పట్టిక వాడకూడదు.

ఒక ఉదాహరణ కల్పించి ఇస్తున్నాను, పెన్ను పట్టుకుని చదవండి. యాభై రెండేళ్ల కిడ్నీ రోగి, ఒక డయాలసిస్ తప్పింది, జ్వరంతో చేరాడు. బీపీకి మెటోప్రొలాల్ (నాడి వేగాన్ని కూడా తగ్గించే మందు) వాడుతున్నాడు. సాయంత్రం 6కి నాడి 88, పై బీపీ 118, జ్వరం 100, ఆక్సిజన్ 97, ఊపిరి 20. మొత్తం 0. రాత్రి 10కి నాడి 92, బీపీ 114, జ్వరం అంతే, ఆక్సిజన్ 97, ఊపిరి 22. నాడికి 1, ఊపిరికి 2, మొత్తం 3. రాత్రి రెండు గంటలకు నాడి 94, బీపీ 112, జ్వరం అంతే, ఆక్సిజన్ 96, ఊపిరి 26. మొత్తం 4. మూడుసార్లూ తెలివిగానే ఉన్నాడు, ఆక్సిజన్ పెట్టలేదు.

ఇక్కడ నాలుగు పెద్ద అంకె కాదు. కానీ ఒక్క ఊపిరికే 3 వచ్చింది. ఏ ఒక్కదానికైనా 3 వస్తే వెంటనే డాక్టరు వచ్చి చూడాలి, గంటగంటకూ కొలవాలి. నాడి ఎందుకు పెద్దగా పెరగలేదు? మెటోప్రొలాల్ దాన్ని పట్టి ఉంచింది. ఇప్పుడు ఊపిరి దగ్గర మూడుసార్లూ 20 రాసి మళ్లీ కూడండి. రాత్రి రెండు గంటలకు మొత్తం 1. ఎవరూ ఎవరినీ లేపరు.

లేపాక ఏం చెప్పాలి? "సార్, 14వ బెడ్ ఆయన బాగోలేదు" అంటే సరిపోదు. ఇలా చెప్పండి: "సార్, మేల్ మెడికల్ వార్డు నుంచి. 14వ బెడ్, కిడ్నీ పేషెంటు, ఒక డయాలసిస్ తప్పింది. ఊపిరి సాయంత్రం 20, ఇప్పుడు 26, నిమిషం లెక్కపెట్టాను. ఆక్సిజన్ 96, పడుకోలేకపోతున్నారు. ఆమ్లం గానీ నీరు గానీ పెరుగుతోందని అనుమానం. మీరు వచ్చి చూడాలి సార్." డాక్టరు చెప్పింది తిరిగి చదివి వినిపించి, టైముతో సహా రాయండి.

నెమ్మదించే ఊపిరి గురించి కొంచెం. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి నొప్పి మందులు ఇచ్చాక 8కి దిగితే ఆగకుండా పిలవాలి. కట్లపాము కరిచిన మనిషికి ఊపిరి కండరాలే చచ్చుబడతాయి, ఛాతీ సరిగ్గా లేవదు. రెప్పలు వాలుతున్నాయా చూడండి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు అంకెలు చెప్పగలడో గంటగంటకూ రాయండి. ఆ లెక్క తగ్గుతూ వస్తోందంటే వెంటిలేటర్ ఉన్న చోటికి పంపే మాట అప్పుడే ఎత్తాలి.

ఈ వారం అభ్యాసం: రోజుకు అయిదుగురికి నిమిషం లెక్కపెట్టి రాయండి. తర్వాత అదే పూట చార్టులో ఉన్న అంకెను పక్కన రాయండి. రెండూ కలవనిచోట ఆ రోగి జబ్బేమిటో, వాడుతున్న మందులేమిటో రాసి ఉంచుకోండి. 4వ పాఠం తెలివి తప్పడం గురించి, ఆ కాగితంతోనే మొదలవుతుంది.